గడ్డి గట్టు మీద ఆదివారం

సిడ్నీ నగర కేంద్రానికి పడమట కొద్ది మైళ్ల దూరంలో, ఐరన్ కోవ్ అనే సముద్రపు పాయ ఒడ్డున లైకార్ట్ ఓవల్ ఉన్నది. 1848లో ఆస్ట్రేలియా ఖండాన్ని దాటబోయి ఆచూకీ లేకుండా పోయిన జర్మన్ అన్వేషకుడు లూడ్విగ్ లైకార్ట్ పేరు దీనికి వచ్చింది. చుట్టూ ఇరుకు వీధులు, పాత ఇళ్లు. ఆట ఉన్న ఆదివారం తండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని నడచి వచ్చి, గడ్డి గట్టు మీద చోటు చూసుకుంటారు. చేతితో అంకెలు మార్చే పాత స్కోరుబోర్డు ఈ మైదానానికి గుర్తు.

ఇక్కడి ఆట రగ్బీ లీగ్. జట్టుకు 13 మంది. బంతితో చొచ్చుకువచ్చే వానిని ఎదుటివారు కబడ్డీలో వలె చుట్టుముట్టి పడవేస్తారు. ఆట కోసం కూలి పోగొట్టుకొనే కార్మికులకు పరిహారం ఇవ్వాలా, వద్దా అన్న వివాదంలో 1895లో ఉత్తర ఇంగ్లండు సంఘాలు వేరుపడగా ఈ ఆట పుట్టింది. 1908లో సిడ్నీలో పోటీలు ఆరంభమైనప్పుడు, ఓడరేవు శ్రామికుల పేట బాల్మెయిన్ కూడా ఒక జట్టును నిలిపింది. 1934 నుండి ఆ జట్టుకు లైకార్ట్ సొంత ఇల్లయింది.

పేటకొక జట్టు, జట్టుకొక మైదానం: నాటి ఏర్పాటు అది. ఖర్చులు పెరిగి, పోటీ దేశమంతటా విస్తరించే కొద్దీ చిన్న పేటలు తట్టుకోలేకపోయాయి. న్యూటౌన్ 1983తో అగ్రశ్రేణి నుండి తప్పుకొన్నది. బాల్మెయిన్ వెస్టర్న్ సబర్బ్స్‌తో కలిసి 2000 నుండి వెస్ట్స్ టైగర్స్ అయింది. ఉమ్మడి జట్టుకు రెండు ఊళ్లు. అందువల్ల లైకార్ట్‌కు దక్కేవి ఏటా కొన్ని ఆటలే.

చిక్కు అంకెలలోనే ఉన్నది. 15,000 మంది వస్తే ఈ గట్టు మీద తిరునాళ్లే. అదే జనం 2000 ఒలింపిక్స్ కోసం కట్టిన, 80,000కు పైగా పట్టే స్టేడియంలో కూర్చుంటే అది బోసిపోతుంది. కాని పెద్ద స్టేడియంలో నీడ ఉన్నది, ఆసనాలున్నవి, ఎక్కువ ధర పలికే గదులున్నవి. ఇక్కడ ఎక్కువమందికి తలపై కప్పు లేదు. వాన పడితే జనం పలచబడతారు. మైదానం స్థానిక మండలిది. మరమ్మతుల భారం ఆ పేట పన్నులపైనే పడుతుంది.

2022లో రాష్ట్ర ప్రభుత్వం వరద నష్టాలను కారణంగా చూపి, శివారు మైదానాల పునర్నిర్మాణాన్ని పక్కన పెట్టింది. 2024లో ఒక పాఠశాల ఆటనాడు ఇక్కడి కటకటాలు ఊడిపడి విద్యార్థులు గాయపడ్డారు. అప్పుడు పాతదనం ముచ్చటగా కాక ప్రమాదంగా కనిపించింది. అదే ఏడు కేంద్రం, రాష్ట్రం, స్థానిక మండలి కలిసి బాగుచేతకు నిధులు ప్రకటించాయి.

కొన్ని మైళ్ల దూరంలోని హెన్సన్ పార్కులో న్యూటౌన్ నేటికీ రెండవ శ్రేణి ఆటలు ఆడుతున్నది. వచ్చినవారు ఎందరైనా, అక్కడ మైకులో చెప్పే సంఖ్య ఒక్కటే: 8,972. జనం నవ్వుకుంటారు. లెక్క తప్పని అందరికీ తెలుసు. దిద్దాలని మాత్రం ఎవరికీ తోచదు.