విప్పే ముందు కొలిచే షెడ్డు

హనుమకొండ జిల్లా ధర్మసాగర్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది పెద్ద చెరువు. దేవాదుల ఎత్తిపోతలతో వచ్చే గోదావరి నీళ్లు ఇందులోకే చేరుతాయి. ఆ ఊళ్లో రోడ్డు పక్కనున్న ఓ రేకుల షెడ్డుకు, రిటైరైన పంతులుగారైన మా మిత్రుడి అంబాసిడర్‌లో వెళ్లాను. మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు ఇంజన్.

ఇంజన్ వేడెక్కితే ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతోంది. చెరువు కట్ట ఎక్కాలన్నా బండి లాగడం లేదు. ‘ఇంజన్ బోరుకొచ్చింది, బేరింగులు మార్చాల్సిందే’ అని అంతకుముందు ఒకచోట తేల్చేశారట.

‘‘ముందుగాల కొలుద్దాం సారూ, విప్పుడు తర్వాత ముచ్చట’’ అన్నాడు ఇక్కడి మేస్త్రి. డ్యాష్‌బోర్డు మీటరును నమ్మకుండా ఇంజన్‌కే గేజ్ బిగించాడు. ఈ ఇంజన్ వేడి మీద ఐడిలింగ్‌లో 15 నుంచి 25 పౌండ్లు, పరుగులో 50 పౌండ్ల చుట్టూ చూపాలి. గేజ్‌లోనూ తక్కువే వచ్చింది. అంటే మీటరు తప్పు కాదు.

తర్వాత డిప్‌స్టిక్ తీశాడు. ఆయిలు పై గీత దాటి ఉంది. ‘‘మీరేమన్న పోసిండ్రా సారూ?’’ లేదన్నాడు మిత్రుడు. మేస్త్రి ఆయిలును వేళ్ల మధ్య రాసి వాసన చూశాడు. పెట్రోలు! ఈ ఇంజన్‌లో పెట్రోలు పంపును ఆడించేది క్యామ్‌షాఫ్టే. పంపులోని డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. ఆయిలు మజ్జిగ తేటలా పలచబడి ప్రెషర్ నిలవదు.

ఇక టైమింగ్. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల మడమ అరిగితే గ్యాప్ తగ్గుతుంది, స్పార్కు ఆలస్యమవుతుంది. బలం పోతుంది, వేడి పెరుగుతుంది, ఆ వేడికి ఆయిలు ఇంకా పలచనవుతుంది. మేస్త్రి పుల్లీని ముందుకూ వెనక్కూ కదిపి రోటర్‌ను గమనించాడు. వెంటనే కదిలింది కాబట్టి టైమింగ్ చైను సాగలేదు. పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్ల దగ్గర పెట్టాడు. హ్యాండిల్‌తో ఇంజన్ తిప్పి గుర్తులు కలిపాడు. చిన్న బల్బు తగిలించి, అది వెలిగే క్షణానికి డిస్ట్రిబ్యూటర్ బిగించాడు.

డయాఫ్రమ్, ఆయిలు, ఫిల్టరు మారాక ఇంజన్‌ను బాగా వేడెక్కనిచ్చి మళ్లీ కొలిస్తే ముల్లు 20 దగ్గర నిలబడింది. బేరింగులు ముట్టుకోనేలేదు. అప్పటికీ ప్రెషర్ రాకుంటే రిలీఫ్ వాల్వు స్ప్రింగు, ఆయిల్ పంపు చూడాలి. ఐడిలింగ్‌లో పడి రేస్ చేస్తే లేస్తూ, అడుగున దడదడ చప్పుడు కూడా ఉంటేనే బేరింగుల మాట ఎత్తాలని మేస్త్రి లెక్క.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్న ఇంజన్లను కాపాడుకోవాలంటే ఈ పద్ధతే దారి. పాత కారున్నవాళ్లకు నా మనవి: ముల్లు పడిపోయినా, ఎర్ర లైటు వెలిగినా వెంటనే ఇంజన్ ఆపండి. గేజ్ పెట్టి కొలవనిదే ఎవరినీ ఇంజన్ విప్పనివ్వకండి.