తమలపాకు కాడ పనిచేసినంత మాత్రాన

శ్రీకాకుళంలో పసిపిల్లల వైద్యం చేసేవాళ్ళ దగ్గరికి చంటిబిడ్డను ఎత్తుకొచ్చే తల్లి ముందుగా చెప్పేది చాలాసార్లు ఒక అంకె. బిడ్డ దొడ్డికెళ్ళి నాలుగు రోజులైందనో, వారమైందనో అంటుంది. ఆ వెంటనే పక్కనున్న అమ్మమ్మో నాయనమ్మో అందుకుంటారు: తమలపాకు కాడ ఆముదంలో ముంచి పెట్టామండి, అప్పుడే అయిపోయింది, మళ్ళీ ఆగిపోయింది. కాడ దొరక్కపోతే సబ్బు ముక్కను సన్నగా చెక్కి పెడతారు. అరసవల్లి వీధుల్లోనైనా, నాగావళి ఒడ్డు పల్లెల్లోనైనా, అటు విజయనగరం వైపైనా ఇదే వరస. ఆ రెండో మాట గురించే ఈ వ్యాసం. ఈ ఉపాయం పనిచేయదని నేను అనడం లేదు. పనిచేస్తుంది, దాదాపు పెట్టిన ప్రతిసారీ పనిచేస్తుంది. అది ప్రమాదం కావడానికి కారణం కూడా అదే. అవసరం లేని బిడ్డలోనూ పనిచేస్తుంది, లోపల పెద్ద జబ్బు ఉన్న బిడ్డలోనూ పనిచేస్తుంది. ఇద్దరి ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు ఒకేలా ఊపిరి పీల్చుకుంటారు.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. తల్లిపాలు తాగే బిడ్డ మొదటి వారాల్లో రోజుకి నాలుగైదు సార్లు, ఒక్కోసారి పాలు తాగినప్పుడల్లా వెళుతుంది. నెలా నెలన్నర దాటాక అదే బిడ్డ మూడు రోజులకోసారి, వారానికోసారి, ఒక్కోసారి పది రోజులకోసారి వెళ్ళడం మొదలుపెట్టవచ్చు. ఇంట్లో కంగారు పుట్టేది ఇక్కడే. కానీ తల్లిపాలలో మిగిలిపోయే పదార్థం చాలా తక్కువ, ఉన్నదాన్ని బిడ్డ పేగు బాగా పీల్చుకుంటుంది. పది రోజుల తర్వాత వచ్చినా అది ముద్దగా, పసుప్పచ్చగా, మెత్తగా ఉంటే, బిడ్డ పాలు తాగుతూ, ఒంటేలుకు సరిగా పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే అది మలబద్ధకం కాదు. మేకపెంటికల్లా గట్టిగా, పొడిగా, నొప్పితో వస్తే రోజూ వెళుతున్నా అది మలబద్ధకమే. కాబట్టి రోజులు లెక్కపెట్టడం మాని పొత్తిగుడ్డలో ఉన్నదాన్ని చూడాలి. దీనికి ఒక్క మినహాయింపు ఉంది. మొదటి నెలలో తల్లిపాల మీదే ఉన్న బిడ్డ రోజుల తరబడి వెళ్ళకపోతే దాన్ని మామూలని వదిలేయకూడదు. చాలాసార్లు బిడ్డకు పాలు చాలడం లేదని దాని అర్థం. అప్పుడు చూడాల్సింది బరువు, రోజుకి ఆరుసార్లైనా ఒంటేలుకు పోస్తున్నదా లేదా అన్నది, రొమ్ము పట్టే తీరు.

రెండో కంగారు ముక్కడం. బిడ్డ మొహం కందగడ్డలా ఎర్రబడుతుంది, కాళ్ళు ముడుచుకుంటుంది, పది నిమిషాలు, ఇరవై నిమిషాలు గుక్కపట్టి ఏడుస్తుంది. చివరికి వచ్చేది చూస్తే మెత్తగానే ఉంటుంది. ఇంత బాధపడింది కాబట్టి గట్టిపడిందనే ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. నిజానికి అది ఇంకా కుదరని పని నేర్చుకోవడం. విసర్జనకు రెండు పనులు ఒకేసారి జరగాలి: పొట్ట కండరాలు బిగుసుకుని నెట్టాలి, ఆసనం దగ్గరి కండరం వదులవ్వాలి. పసిబిడ్డకు ఈ రెండూ ఇంకా కలవవు. గడియ తీయకుండా తలుపు నెట్టినట్టు ఉంటుంది ఆ ప్రయత్నం. 2016లో అంతర్జాతీయ నిపుణులు ఖరారు చేసిన రోమ్ ప్రమాణాల్లో తొమ్మిది నెలల లోపు బిడ్డల్లో కనిపించే ఈ స్థితికి ప్రత్యేకంగా చోటుంది, దానికి మందు అక్కర్లేదని వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతోంది. కొద్ది వారాల్లో బిడ్డే నేర్చుకుంటుంది. ప్రతిసారీ కాడ పెడితే ఆ గడియ బయటివాళ్ళు తీస్తున్నట్టే. బిడ్డ తనంతట తాను నేర్చుకోవలసిన పని వెనక్కి పోతుంది, ఇంటివాళ్ళకు మాత్రం కాడ లేకపోతే అవదన్న నమ్మకం గట్టిపడుతుంది.

ఇప్పుడు అసలు భయపడాల్సిన చోటికి వద్దాం. పుట్టిన బిడ్డల్లో సుమారు 5,000 మందిలో ఒకరికి, మగపిల్లల్లో ఎక్కువగా, పెద్దపేగు చివరి భాగంలో ఉండాల్సిన నరాల కణాలు ఉండవు. ఆ భాగం ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది, మలం దాని పైన ఆగిపోతుంది, ఆ పై పేగు ఉబ్బుతుంది. డెన్మార్క్ పిల్లల వైద్యుడు హిర్ష్‌స్ప్రుంగ్ 1886లో బెర్లిన్‌లో ఇలాంటి ఇద్దరు పిల్లల గురించి వివరించాడు, జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. లోపం ఉబ్బిన పేగుది కాదని, దాని కింద మామూలుగా కనిపించే ముడుచుకున్న పేగుదని తేలి, సరైన ఆపరేషన్ రావడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ జబ్బున్న బిడ్డ ఆసనంలో వేలు గానీ కాడ గానీ పెడితే ఆగిన మలం, గాలి ఒక్కసారిగా చిమ్ముకొస్తాయి. పొట్ట తగ్గుతుంది, బిడ్డ నిద్రపోతుంది. వైద్యుడికి జబ్బును అనుమానించమని చెప్పే గుర్తు అది. ఇంట్లో అదే గుర్తు నయమైందన్న భరోసాగా కనిపిస్తుంది. వారానికి రెండుసార్లు కాడ పెడుతూ నెలలు గడుస్తాయి. ఈలోగా పేగు ఉబ్బుతూ, బిడ్డ ఎదగకుండా ఉండిపోతుంది. ఒక రోజు జ్వరం, కంపుకొట్టే నీళ్ళ విరేచనాలు, బిగిసిన పొట్టతో పేగు వాపు మొదలైతే ప్రాణానికే ముప్పు. ఈ జబ్బు వయసు పెరిగితే పోయేది కాదు, ఆపరేషన్‌తో బాగుపడేది. దాన్ని పట్టుకునే మొదటి ప్రశ్న ఎంతో చిన్నది: పుట్టాక మొదటి నల్లటి జిగురు మలం ఎప్పుడు వచ్చింది? నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో తొంభై శాతానికి పైగా మొదటి 24 గంటల్లోనే పోస్తారు. 48 గంటలు దాటితే కారణం వెతికి తీరాలి. కాన్పు తర్వాత ఆశా కార్యకర్త ఇంటికొచ్చే మొదటి రోజుల్లోనే ఈ ప్రశ్న అడగడం అలవాటైతే ఎందరో బిడ్డలకు నెలల బాధ తప్పుతుందని నా గట్టి నమ్మకం.

కాడ కప్పిపుచ్చేది ఈ ఒక్క జబ్బునే కాదు. ఆసనం ఉండాల్సిన చోట కాకుండా ముందుకు జరిగి, సన్నగా ఉన్న ఆడపిల్లలు ఉంటారు. దీపం వెలుతురులో ఒకసారి శ్రద్ధగా చూస్తే తెలిసే లోపం అది. థైరాయిడ్ సరిగా పనిచేయని బిడ్డలు ఉంటారు. వీళ్ళ గురించి ఇంట్లో ఫిర్యాదే ఉండదు. మంచి బిడ్డండీ, ఏడవదు, లేపితే గాని పాలు తాగదు అని ముద్దుగా చెబుతారు. పచ్చకామెర్లు వారాలు గడిచినా తగ్గకపోవడం, నాలుక పెద్దగా ఉండటం, ఏడుపు బొంగురుగా ఉండటం, బొడ్డు ఉబ్బడం, దానితో పాటు మలబద్ధకం వీళ్ళలో కనిపించే గుర్తులు. రెండు వారాల లోపు థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే మెదడు మామూలుగా ఎదుగుతుంది. ఆలస్యమైన ప్రతి నెలా తిరిగి రాదు.

దీనికి పెద్దవాళ్ళు చెప్పే జవాబును తేలిగ్గా తీసిపారేయలేం. ‘మా పిల్లలందరినీ ఇలాగే పెంచాం, ఎవరికేమైంది?’ అంటారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. ఎక్కువమంది బిడ్డలకు అసలు జబ్బే లేదు కాబట్టి కాడ పెట్టినా, పెట్టకపోయినా పెరిగేవాళ్ళే. జబ్బున్న ఆ కొద్దిమంది బతకలేదు. పొట్ట ఉబ్బి పోయిన బిడ్డ చావుకు పాలు పడలేదనో, దిష్టి తగిలిందనో, వాతం చేసిందనో పేరు పెట్టారు. బతికినవాళ్ళే సాక్ష్యం చెప్పగలరు. ఇంకొందరు అడుగుతారు, డాక్టర్లు గ్లిజరిన్ బిళ్ళ పెట్టమంటారు కదా, దానికీ కాడకూ తేడా ఏమిటని. ప్రేరేపించే తీరు ఒకటే, ఒప్పుకుంటాను. కానీ బిళ్ళ శుభ్రమైనది, మెత్తగా కరుగుతుంది, బిడ్డను చూసిన వైద్యుడు గట్టి మలం అడ్డుపడిందని తేల్చుకుని ఒకటి రెండుసార్లు వాడమంటాడు. కాడ అంచు లోపలి సున్నితమైన పొరను చీరుతుంది. సబ్బులోని క్షారం ఆ పొరను కాలుస్తుంది, వాపు తెస్తుంది. పగులు పడ్డాక ప్రతి విసర్జనా నొప్పే, నొప్పికి భయపడి బిడ్డ బిగబడుతుంది, బిగబట్టిన కొద్దీ మలం గట్టిపడుతుంది. అంతకుముందు లేని మలబద్ధకం అలా నిజంగానే తయారవుతుంది. గ్లిజరిన్ బిళ్ళను కూడా వైద్యుణ్ణి అడగకుండా వారం వారం పెడితే అది కూడా జబ్బును దాచిపెడుతుంది.

నోటి ద్వారా పట్టేవాటి మీద నా అభ్యంతరం ఇంకా గట్టిది. మన ఇళ్ళలో ఆముదం ఉగ్గు తరతరాల అలవాటు. ఆముదం పేగులో విడిపోయి రిసినోలిక్ ఆమ్లమవుతుంది, అది పేగును బలవంతంగా ముడుచుకునేలా చేస్తుంది. పెద్దవాళ్ళకే కడుపులో మెలిపెట్టే ఆ మందు నాలుగు కిలోల బిడ్డకు నీళ్ళ విరేచనాలు తెచ్చి ఒంట్లో నీరు లాగేస్తుంది. ఏడుస్తున్న బిడ్డను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నూనెకు దగ్గు సరిగా రాదు, అందుకే పోయినట్టు ఎవరికీ తెలియదు. తర్వాత వచ్చే నిమోనియా మొండిది. ఆముదం పొట్ట మీద రాసి మర్దన చేస్తే నాకేమీ అభ్యంతరం లేదు. వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించడం మరో అలవాటు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలు పనికిరాదు. అందులో ఉండగల బాట్యులిజం క్రిమి బీజాలు బిడ్డ పేగులో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం నరాలను చచ్చుబరుస్తుంది. 1976లో ఈ జబ్బును గుర్తించారు. దాని మొదటి లక్షణం మలబద్ధకమే. గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండ్‌లో పుట్టింది, మొదట్లో అందులో ఆల్కహాల్ ఉండేది. ఇప్పటివాటిలో లేకపోయినా, మలబద్ధకానికి అది మందు కాదు.

మరి నిజంగా గట్టిపడితే ఇంట్లో ఏం చేయాలి? ఆరు నెలల లోపు బిడ్డకు ముందు చూడాల్సింది ఏ పాలు, ఎలా కలుపుతున్నారన్నది. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డలో నిజమైన మలబద్ధకం అరుదు, కనుక ఉంటే వైద్యుడు చూడాలి. డబ్బాపాల బిడ్డల్లో చాలాసార్లు తప్పు చెంచా దగ్గర దొరుకుతుంది. చిక్కగా ఉంటే బలమని చెంచాలో పొడి గుట్టగా పోస్తారు. డబ్బా మీద రాసినట్టే, ఎక్కువ డబ్బాలకు 30 మిల్లీలీటర్ల నీళ్ళకు గీసిన ఒక చెంచా, నీళ్ళు ముందు పోసి పొడి తర్వాత వేయాలి. పలచన చేస్తే విరేచనం సులువవుతుందని నీళ్ళు ఎక్కువ పోయడమూ తప్పే. బిడ్డ ఆకలితో ఎండిపోతుంది. ఏడాది లోపు ఆవుపాలు, గేదెపాలు ప్రధాన ఆహారంగా పెడితే గట్టి మలంతో పాటు రక్తహీనత కూడా వస్తుంది. ఆరు నెలల లోపు విడిగా నీళ్ళు పట్టక్కర్లేదు, మన ఎండల్లో కూడా. తల్లిపాలలోనే ఆ నీరుంది. నీళ్ళు తాగాల్సింది తల్లి. పత్యం పేరుతో బాలింతకు దాహం తీరా నీళ్ళివ్వకుండా, కూరలు పెట్టకుండా వారాలు ఎండగట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. తల్లి పత్యం వల్ల బిడ్డకు మలబద్ధకం రాదు, తల్లికి వస్తుంది. మొలలతో, కుట్ల నొప్పితో కూర్చోలేని ఆ అమ్మాయి బాధను ఎవరూ అడగరు.

ముక్కుతున్న బిడ్డకు మోకాళ్ళు పొట్టకు ఆనించి పట్టుకోవడం, సైకిల్ తొక్కినట్టు కాళ్ళు ఆడించడం, గోరువెచ్చని నీళ్ళలో స్నానం, పొట్ట మీద కుడివైపు కింది నుంచి పైకి, అడ్డంగా, ఎడమవైపు కిందికి మెల్లగా రాయడం హాని లేని సాయాలు. పెద్ద ఫలితం ఉంటుందని చెప్పను. కానీ కంగారుపడే చేతులకు మంచి పని దొరుకుతుంది, బిడ్డకు ఊరట దొరుకుతుంది.

నిజమైన మలబద్ధకం ఎక్కువగా మొదలయ్యేది ఆరో నెల దాటి అన్నం మొదలయ్యాకే. అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనం చేయించి, అన్నప్రాశన చేసి, ఆ తర్వాత నెలల తరబడి మెత్తని తెల్లన్నం, పాలు, బిస్కెట్లతోనే సరిపెడతారు. పీచు లేదు, నీరు చాలదు. దీనికి మందు మన దొడ్లోనే ఉంది: పండిన బొప్పాయి, గింజలు తీసిన జామ గుజ్జు, ఉడికించిన చిలగడదుంప, ఆనపకాయ, తోటకూర, పప్పు, కాస్త నెయ్యి, పలచని చోడి జావ. ఆపిల్, బేరి పళ్ళలో సార్బిటాల్ అనే చక్కెర మలంలో నీటిని నిలబెడుతుంది, దొరికితే ఉడికించి మెదిపి పెట్టవచ్చు. అన్నం తిన్నప్పుడల్లా గిన్నెతో నాలుగైదు గుక్కల కాచి చల్లార్చిన నీళ్ళు చాలు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మంచిదే, కానీ అది గోధుమ, శనగపప్పు, పాలపొడితో చేసినది. పళ్ళూ కూరలూ చేసే పని అది చేయలేదు. మలబద్ధకానికి భయపడి ఐరన్ మందు ఆపేసే తల్లులకు ఒక మాట: చెప్పిన మోతాదులో ఇచ్చే ఐరన్‌తో మలం నల్లబడుతుంది గాని సాధారణంగా గట్టిపడదు. రక్తం తక్కువైన బిడ్డకు ఆ చుక్కలు మానిపించడం పెద్ద నష్టం. ఆహారం మార్చినా రెండు వారాల్లో మెత్తబడకపోతే మలాన్ని మెత్తబరిచే సురక్షితమైన సిరప్‌లు ఉన్నాయి, వైద్యుడు బిడ్డ బరువును బట్టి రాస్తాడు. వాటిని ఒక్క రోజు ఇచ్చి ఆపకూడదు.

పచ్చని పసరు వాంతి, బిగిసిన పొట్ట, జ్వరం, మలంలో చారను మించి రక్తం, పెరగని బరువు, సత్తువ లేని కాళ్ళు, నెల లోపు వయసు: వీటిలో ఏ ఒక్కటున్నా ఇంటి వైద్యం ఒక్క పూట కూడా వద్దు. శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలో చూపించండి, ఆపరేషన్ అవసరమైతే వాళ్ళే విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి పంపుతారు. వచ్చేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, కాన్పు ఆసుపత్రి ఇచ్చిన కాగితం తీసుకురండి. పొత్తిగుడ్డలో ఉన్నదాన్ని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి తెండి, సిగ్గుపడవద్దు. కాడో, సబ్బో, ఆముదమో ఏది వాడినా, ఎన్నిసార్లు వాడారో చెప్పండి. ఏ మంచి వైద్యుడూ దానికి మిమ్మల్ని కోప్పడడు, ఆ మాట మీద బిడ్డ జబ్బు పేరు తేలవచ్చు.