దారి చూపు శునకమునకు ఏ జాతి తగును?

మా ఆడుబిడ్డకు రేచీకటితో మొదలైన కంటివ్యాధి ముదిరి, ఇరువదియెనిమిదవ యేట చూపు పూర్తిగా పోయెను. ఇంటిలో గోడ తడవుకొనకయే తిరుగుట నేర్చినది గాని, వీధి చివరనున్న కోవెలకు పోవలెనన్నను ఎవరో యొకరు చేయి పట్టుకొనవలసి వచ్చుచుండెను. ఒకనాడామె, "వదినా! అంధులకు దారి చూపు కుక్కలుండునట గదా, నాకొకటి దొరకునా?" అని యడిగినది. ఆ మాట మా మనస్సున నాటుకొనెను.

వెంటనే మేము మంచి జాతి యేదని విచారించితిమి. అల్సేషియనని మనవారు పిలుచు జర్మన్ షెపర్డు పేరు వినబడెను. మొదటి ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన సైనికుల కొరకు 1916వ సంవత్సరమున జర్మనీలోని ఓల్డెన్‌బర్గులో ఇట్టి శునకముల పాఠశాల వెలసినప్పుడు వాడినది ఈ జాతినే. 1928లో మోరిస్ ఫ్రాంకు అను అమెరికా దేశపు అంధయువకుడు స్విట్జర్లాండు నుండి వెంట తెచ్చుకొన్న 'బడ్డీ' కూడ ఈ జాతిదే. ఇంకేమి కావలెనని ఒక పిల్లను కొని తెచ్చితిమి.

ఏడాది తిరుగకముందే మా తప్పు మాకు తెలిసినది. అది మంచి కావలికుక్క యైనది. అడుగుల చప్పుడు వినబడిన మొరుగును. క్రొత్తవారిని దరి చేరనీయదు. ఒక సాయంకాలము మా ఆడుబిడ్డ దాని గొలుసు పట్టుకొని వీధిలోనికి పోగా, ఎదురైన ఊరకుక్కపైకి అది ఉరికెను. ఆమె బోర్లపడి మోకాళ్లు చీరుకొనెను. ఆ గాయము పదిదినములలో మానినది. "ఇక నేను గడప దాటను" అని యామె యనిన మాట మాత్రము మమ్ము చాలకాలము బాధించినది.

కుక్కయందు దోషము లేదు. జాతి పేరే విద్య యనుకొన్నవారము మేము. పాఠశాలలవారు సుమారెనిమిది వారముల పిల్లను ఒక గృహస్థునింట పెంపునకిత్తురు. ఏడాదికి పైగా అది సంతలకును, బండ్లకును, పసిపిల్లలకును అలవాటు పడి, పిమ్మట కొన్ని నెలలు శిక్షణ పొందును. యజమాని పొమ్మన్నను, బండి ఎదురువచ్చుచుండిన కదలక నిలుచుటయే దాని విద్యలోనెల్ల గొప్పది. ఇందుకొరకే పుట్టించి పెంచినవానిలోను అనేకములు ఈ పరీక్షలో తప్పిపోవును.

నేడు లాబ్రడారులును, గోల్డెన్ రిట్రీవరులును, ఆ రెంటి సంకరములును ఈ పనికి ఎక్కువగా వాడబడుచున్నవి. పెంచిన యిల్లు, నేర్పిన గురువు, తుదకు అంధుడు, ఈ మూడు చేతులు మారినను క్రొత్తవారితో కలిసిపోవు స్వభావము వానికి గలదు. తిండిపై ఆశ యుండుటచే నేర్పుట సులభము. ఆ యాశయే అదుపు తప్పిన ఒళ్లు పెరుగును. రోమము సరిపడనివారు పూడిలు జాతిని చూతురు. దాని బొచ్చు తక్కువగా రాలును గాని, ఏ కుక్కయు పూర్తిగా నిరపాయము కాదు. చెవిటివారికి తలుపు చప్పుడు తెలుపుటకు చిన్నకుక్క చాలును. చక్రాల కుర్చీలోనివారికి పడిన వస్తువును నోట తెచ్చియిచ్చునది కావలెను. కాబట్టి ముందు పని, పిమ్మట ఆ కుక్క స్వభావము, ఆరోగ్యము, ఆ తరువాతనే జాతి.

మరియొకటి కూడ తెలిసికొంటిమి. దారి తెలియవలసినది మనిషికి. అడ్డు తెలియవలసినది కుక్కకు. కోవెల ఎటనున్నదో కుక్కకు తెలియదు. ఎటు తిరుగవలెనో మనిషియే చెప్పవలెను. అందుచే తెల్లకర్రతో నడచుట నేర్చినవారికే పాఠశాలలు సాధారణముగ కుక్క నిచ్చును. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచిన శునకమును తలచుకొని మేము మురిసితిమి గాని, అది వెంట నడచినదే గాని దారి చూపినది కాదని మరచితిమి.

అన్నిటికంటె పెద్ద తప్పు వేరొకటి. ఎచ్చటికి పోగోరుచున్నావు, ఎంత వడిగ నడతువు, కుక్క సంరక్షణ నీకు ఇష్టమేనా యని మా ఆడుబిడ్డను ఒక్కమాటైనను అడుగలేదు. అడిగిననాడామె, "ముందు నాకు నడక నేర్పించుడు, వదినా" యనెను. ఇప్పుడామె తెల్లకర్రతో ఒంటరిగ కోవెలకు పోవుచున్నది. అల్సేషియను గుమ్మము కాచుచున్నది. కుక్క మాట ఆమె ఇంకను మరువలేదు. ఈసారి ఎంచుకొనునది ఆమెయే.

సోదరీమణులారా! మీ యింట ఇట్టి యవసరము కలిగినచో, జాతి నడుగుటకు ముందు ఆ శునకముతో నడువబోవువారిని అడుగుడు.