చూపునకు చెల్లించు వెల

వార్ధక్యమున వచ్చు తలనొప్పిని గృహస్థులు సామాన్యముగా లెక్కచేయరు. “వయసు మీరినది, నొప్పులు లేకుండునా?” అని సరిపుచ్చుకొందురు. కాని ఏబది దాటినవారికి కణతలలో క్రొత్తగా నొప్పి పుట్టి, దువ్వెన తగిలినను తల జివ్వుమని, అన్నము నమలునప్పుడు దవడ లాగివేసినచో దానిని ఉపేక్షింపరాదు. అది ధమనుల గోడలు వాచు వ్యాధి కావచ్చును. వైద్యులు దానిని జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అందురు. ఉత్తర యూరపు ప్రజలలో అది అధికము, భారతదేశమున అరుదు. అరుదగుటయే ఒక ప్రమాదము. తలపునకు రాని రోగమునకు మందెవరిత్తురు?

1890లో జోనథన్ హచిన్సన్ అను ఆంగ్ల వైద్యుడు ఒక వృద్ధుని వృత్తాంతమును వ్రాసెను. కణతలపై ఎఱ్ఱని చారలవలె ఉబ్బిన నాళముల బాధచే ఆ వృద్ధుడు టోపీ ధరింపజాలకుండెను.

కంటికి నెత్తురు చేర్చు సన్నని నాళము మూసికొనినచో చూపు పోవును; పోయిన చూపు చాలవరకు మరలిరాదు. కావున బలమైన అనుమానము కలిగినంతనే, పరీక్షల ఫలితమునకై వేచియుండక, ప్రెడ్నిసోలోన్‌ను దినమునకు 40 మొదలు 60 మిల్లీగ్రాముల వఱకు ఆరంభింతురు. తలనొప్పి కొన్ని దినములలోనే ఉపశమించును. అయితే ఈ ఉపకారి ఊరక పనిచేయదు. నెలల తరబడి వాడినచో ఎముకలు గుల్లబారును, మధుమేహము పెచ్చరిల్లును, కంట శుక్లము పెరుగును. మోతాదు తగ్గింపబోయినచో రోగము తిరుగబెట్టును.

ఈ చిక్కును విడదీయుటకై మెథోట్రెక్సేట్‌ను ప్రయోగించి చూచిరి. దానివలని మేలు స్వల్పము. టోసిలిజుమాబ్ అను సూదిమందును 251 మందితో పరీక్షించిన ఫలితములు 2017లో వెలువడినవి. వారమువారము ఆ సూదిమందు పొందుచు 26 వారములలో స్టెరాయిడును విడిచినవారిలో నూటికి 56 మంది ఏడాది చివర రోగము సద్దుమణిగి నిలిచిరి. సూదిమందు లేక అట్లే విడిచినవారిలో 14 మందియే. 2025లో ఉపాదసిటినిబ్ అను మాత్ర ఫలితములు ప్రకటింపబడినవి: మాత్రతో 46, స్టెరాయిడు మాత్రమే తీసికొన్నవారిలో 29. అయినను 56ను, 46ను ప్రక్కప్రక్కన నిలిపి ఒకటి మేలు, ఒకటి తక్కువ యనుట తగదు. ఆ పరీక్షలు వేరు, రోగులు వేరు, కొలతలును వేరు.

క్రొత్త మందులకును వెల గలదు. అవి అంటురోగములను తెచ్చిపెట్టవచ్చును. అణగియున్న క్షయను మేల్కొల్పగలవు. కావున ముందుగా దానికై పరీక్షింపవలెను. టోసిలిజుమాబ్ నెత్తుటిలోని వాపుగుర్తులను అణచివేయుటచే, రోగము లోలోన రాజుకొన్నను పరీక్షాపత్రము నిర్మలముగా కనబడవచ్చును.

ఎముక విరిగి మంచము పట్టిన అవ్వకు స్టెరాయిడు త్వరగా తగ్గుటయే వరము. ఒకప్పుడు క్షయ సోకిన తాతకు క్రొత్త మందు విషయమున జంకు తప్పదు. ఏ మందు మేలన్న ప్రశ్నకు అంకెలు సగము సమాధానమునే ఇచ్చును. తక్కిన సగమును ఆ ముదుసలి దేహమును, ఆతని ఇంటి స్థితిని ఎఱిగిన వైద్యుడు చెప్పవలెను.