ద్రాక్షతోటలో కిరసనాయిలు

కారవాన్‌ని ముందుకి లాక్కెళ్ళడం ఎవరికైనా వస్తుంది. వెనక్కి పెట్టేటప్పుడే కాపురం సంగతి బయటపడుతుంది.

అడిలైడ్ నుంచి ఉత్తరంగా రెండు గంటల ప్రయాణం, క్లేర్ అనే చిన్న ఊరు. మేం కారవాన్ పార్కుకి చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. తను స్టీరింగ్ ముందు. నేను వెనక నిలబడి చేతులు ఊపుతూ. కారుకి తగిలించిన కారవాన్‌ని రివర్స్ చేస్తుంటే స్టీరింగ్ కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. ఇద్దరం ఇంజనీరింగ్ చదివినవాళ్ళమే. సూత్రం ఇద్దరికీ తెలుసు. అయినా మూడోసారి కూడా అది తిన్నగా కరెంటు పాయింట్ ఉన్న స్తంభం మీదకే వెళ్ళింది. "ఎడమకి!" అని అరిచాను. "నీ ఎడమా, నా ఎడమా?" అని లోపల్నుంచి అరుపు.

పక్క సైట్‌లో మడత కుర్చీలేసుకుని ఒక పెద్దాయన, వాళ్ళావిడ ఇదంతా చూస్తున్నారు. రిటైరయ్యాక ఇంటికి తాళం వేసి నెలల తరబడి కారవాన్‌లో దేశం తిరిగేవాళ్ళు ఇక్కడ చాలామంది. గ్రే నోమాడ్స్ అంటారు. ఆయన లేచొచ్చి, స్టీరింగ్‌ని పైన కాకుండా కింద పట్టుకో, కారవాన్ వెనక భాగం ఎటు పోవాలో నీ చెయ్యి అటు జరుపు, అన్నాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆవిడ నాతో, "నీకు అద్దంలో అతని మొహం కనిపించే చోట నిలబడు. అప్పుడే అతనికి నువ్వు కనిపిస్తావు," అంది. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో మా పెద్దవాళ్ళెవరూ ఇంత పనికొచ్చే మాట చెప్పలేదు.

ఇల్లు వెంటేసుకుని తిరగడం మనకి కొత్తేం కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య డేరాలతో, పెద్ద పరివారంతో పల్లకీలో వెళ్ళాడు. ఏ మజిలీలో మంచినీళ్ళున్నాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, దారి ఎలా ఉంది, అన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు. 'కాశీయాత్ర చరిత్ర'లో నాకు గుళ్ళ వర్ణనల కంటే ఆ సరుకుల లెక్కే ఇష్టం. మా ఫోన్లో జాబితా కూడా అలాంటిదే: కుళాయి ఎక్కడ, కరెంటు ఎక్కడ, టాయిలెట్ క్యాసెట్ ఖాళీ చేసే చోటు ఎక్కడ. ఆ క్యాసెట్ సూట్‌కేస్‌లా చక్రాల మీద ఈడ్చుకెళ్ళాలి. ఆ పని తనది. గ్యాస్ పొయ్యి మీద చారు పెట్టడం నాది. పంపకాల్లో నేనే లాభపడ్డాను.

ఈ ప్రయాణానికి మూడు ముక్కలు. సైకిల్ తొక్కడం తన కోరిక. ఆవిరి రైలు ఇద్దరిదీ. వైనరీలు నావి. ఆ మూడో ముక్క దగ్గరే ఆర్నెల్లు ఆగిపోయాం.

తనది నెల్లూరు జిల్లా. మామయ్యని నేను ఫోటోలోనే చూశాను. ఆయన సారా ప్యాకెట్ల గురించి తను ఒక్కసారే చెప్పాడు, అదీ పెళ్ళికి ముందు, లెక్క అప్పజెప్పినట్టు. దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించాక చుట్టుపక్కల ఊళ్ళన్నీ లేచాయి. 1992లో నెల్లూరులో సారా పాటలు ఆపించిన గుంపుల్లో అత్తయ్య కూడా ఉంది. ఆ మరుసటేడు రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో పోయింది. చరిత్ర పుస్తకంలో అయితే ఇది రెండు పేరాలు. మా ఇంట్లో మాత్రం ఎవరైనా గ్లాసు ఎత్తితే తను లేచి బాల్కనీలోకి వెళ్ళిపోవడం. ఆఫీసు పార్టీల్లో నేనొక గ్లాసు వైన్ తీసుకుంటాను. వద్దని తను ఎప్పుడూ అనలేదు. ఆ రాత్రి కాస్త దూరంగా పడుకుంటాడు, అంతే. అదేదో గట్టిగా పోట్లాడేసినా బాగుండేది.

"నువ్వు లోపలికెళ్ళు, నేను బయట సైకిళ్ళు చూసుకుంటాను," అన్నాడు చివరికి. ఒప్పందం అదీ.

క్లేర్ నుంచి దక్షిణంగా ఆబర్న్ దాకా ఉన్న సైకిల్ దారి పేరు రీస్లింగ్ ట్రైల్. పాతికకి కొంచెం తక్కువ కిలోమీటర్లు. ఒకప్పుడు అది రైలు మార్గం. 1918లో క్లేర్‌కి రైలొచ్చింది. 1983 ఫిబ్రవరిలో యాష్ వెన్స్‌డే కార్చిచ్చులో లైను దెబ్బతింది, మళ్ళీ బాగుచెయ్యలేదు. పట్టాలు తీసేసి, ఆ కట్ట మీదే కంకరపొడి పరిచి దారి చేశారు. ఆవిరి ఇంజను నిట్టనిలువు ఎక్కలేదు కాబట్టి అప్పటివాళ్ళు చాలా వాలుగా, కొండల చుట్టూ తిప్పి కట్టను వేశారు. వందేళ్ళ తర్వాత ఆ పుణ్యం నా మోకాళ్ళకి దక్కింది. సైకిల్ నేర్చుకుని నాకు పట్టుమని ఏడాది కూడా కాలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో సైకిల్ అన్నయ్యకి కొన్నారు, నాకు వీణ కొన్నారు. రెండూ తుప్పుపట్టాయనుకోండి.

తను ముందు పోతుంటాడు. వెనక్కి చూడడు. ఏదో మలుపులో ఆగి, నేను వచ్చేదాకా నీళ్ళు తాగుతూ నిలబడి, నేను రాగానే మళ్ళీ బయల్దేరతాడు. అంటే తనకి విశ్రాంతి దొరుకుతుంది, నాకు దొరకదు. నాలుగోసారి ఇది చెప్పాను. తర్వాత నన్ను ముందు పోనిచ్చాడు.

సెప్టెంబర్ కదా, తీగలు అప్పుడే చిగురు తొడుగుతున్నాయి. మధ్యలో అత్తయ్య వీడియో కాల్. వెనక తోట కనిపించేలా ఫోన్ పట్టుకుని, "ద్రాక్షతోటలో ఉన్నామమ్మా," అన్నాడు తను. అబద్ధం కాదు. "ఒక్క గుత్తి కూడా లేదే, ఏం చూస్తన్నారు నాయనా అక్కడ?" అందావిడ. సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాం. సిగ్నల్ బాగానే ఉంది.

సెవెన్‌హిల్ దగ్గర తనే సైకిల్ దిగాడు. అక్కడ వైనరీ పక్కనే పాత రాతి చర్చి. 1851లో ఆస్ట్రియా నుంచి వచ్చిన జెసూట్ మతగురువులు ప్రార్థనలో వాడే వైన్ కోసం ద్రాక్ష నాటారు. ఈ లోయలో మొదటి వైనరీ అదే. ఆ వైన్ ఇప్పటికీ చేస్తున్నారు. "దేవుడి కోసం చేసేదా?" అని చర్చి చూసొచ్చి, వైనరీ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. నేను బలవంతపెట్టలేదు.

ఆ తర్వాత పెన్‌వర్తమ్‌. అక్కడి చర్చి ఆవరణలో హారక్స్ అనే అన్వేషకుడి సమాధి ఉంది. ఆస్ట్రేలియాలో అన్వేషణకి మొట్టమొదట ఒంటెని తీసుకెళ్ళింది అతనే. 1846లో తుపాకీ కూరుకుంటుండగా పక్కనున్న ఒంటె కదిలింది, తుపాకీ పేలింది, కొన్నాళ్ళకి చచ్చిపోయాడు. ఒంటెని కూడా చంపించేశారు. తను ఆ సమాధి దగ్గర ఎంతసేపు నవ్వాడో! చావు దగ్గర నవ్వడమేంటని తిట్టబోయి నేనూ నవ్వాను.

వాటర్‌వేల్ దగ్గర ఒక చిన్న వైనరీలో ఇది జరిగింది. వర్షం మొదలైంది. సైకిళ్ళు చూరు కింద పెట్టి, దిక్కులేక తనూ లోపలికొచ్చాడు. బల్లకి ఆ చివర, కిటికీ పక్కన నిలబడ్డాడు. బల్ల వెనకున్నావిడ నాకు కొత్త రీస్లింగ్ పోసింది, నాలుగైదు చెంచాలంత. పచ్చి నిమ్మకాయలా పళ్ళు పులిశాయి. తర్వాత కొన్నేళ్ళు నిలవున్నది పోసి, ఏం వాసన వస్తోందో చెప్పమంది. వైన్ రివ్యూల్లో రాసే తేనె, ఆప్రికాట్, తడిసిన రాయి అన్నీ గుర్తుతెచ్చుకున్నాను. సినిమా రివ్యూలు రాసే అలవాటున్నదాన్ని, విశేషణాలకి కొదవలేదు. కానీ ముక్కుకి తగిలింది ఒక్కటే. సిగ్గుపడుతూనే "కిరోసిన్," అన్నాను.

ఆవిడ బల్ల మీద చరిచింది. అదే సరైన జవాబట. ద్రాక్ష తొక్కలోని కెరోటినాయిడ్లు విరిగి, వైన్ నిలవయ్యేకొద్దీ టీడీఎన్ అనే పదార్థం తయారవుతుంది. గుత్తులకి ఎండ ఎంత తగిలితే అది అంత ఎక్కువ. రీస్లింగ్‌లో అది బాగా తెలుస్తుంది. కొందరు దాన్ని లోపమంటారు, కొందరు దానికోసమే సీసాలు దాచుకుంటారు.

నేను వెనక్కి తిరిగి, "ఇది కిరసనాయిలు వాసనొస్తోంది, తెలుసా?" అన్నాను, ఊరికే. తను వచ్చాడు. గ్లాసు నా చేతిలోంచి తీసుకోలేదు. వంగి, నా చేతిలో ఉండగానే వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"మా ఊళ్ళో ప్యాకెట్లు తగలబెట్టినప్పటిది," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. బయటికొచ్చాక, వర్షం తగ్గేదాకా చూరు కింద నిలబడి చెప్పాడు. తనకి ఐదేళ్ళు. సారా ప్యాకెట్లు వీధిలో కుప్ప పోశారు. అత్తయ్య రేషన్ కిరసనాయిలు డబ్బా పట్టుకెళ్ళి, ఇంట్లో పొయ్యికి నెలంతా రావాల్సింది, మొత్తం దాని మీద పోసింది. ఆ రాత్రి అన్నం కలిపి పెట్టినప్పుడు ఆవిడ చేతికి అదే వాసన. తను తినలేదట. ఆవిడ కొట్టిందట. "నాన్న వాసన గుర్తుంది నాకు. అమ్మది కూడా ఒకటుందని మర్చిపోయాను." ఇంత పొడుగు మాట తను నాతో మామయ్య గురించి గానీ, ఆ రోజుల గురించి గానీ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆబర్న్ దాకా మిగిలిన దారంతా దిగుడే. ఇద్దరం పక్కపక్కనే తొక్కాం.

రెండు రోజుల తర్వాత కారవాన్‌ని పోర్ట్ ఆగస్టా తీసుకెళ్ళి, అక్కడ పిచి రిచి రైలెక్కాం. క్వార్న్ దాకా 39 కిలోమీటర్లు. 1879లో వేసిన లైను. పట్టాల మధ్య మూడడుగుల ఆరంగుళాలు, అంటే మన పాత మీటర్ గేజ్ కంటే పిసరంత వెడల్పు. ఒకప్పుడు ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్ళే ఘాన్ రైలు ఈ దారినే పోయేది. 'ఆఫ్ఘన్లు' అని పిలిచిన ఒంటెలవాళ్ళ మీద ఆ పేరొచ్చిందంటారు. నిజానికి వాళ్ళలో బలూచీలు, పంజాబీలు కూడా ఉన్నారు. 1950ల్లో వేరే దారిలో కొత్త లైను పడ్డాక ఇది మూలపడింది. 1973లో కొందరు సంఘం పెట్టి కాపాడుకున్నారు. ఇప్పటికీ వాలంటీర్లే బొగ్గేసి నడుపుతారు. కిటికీలోంచి తల బయటపెట్టాను. చిన్నప్పుడు నల్లమల దాటే బండిలో అమ్మ వద్దన్నా పెట్టినట్టే, కంట్లో నలుసు పడింది.

అప్పుడే అత్తయ్య ఫోన్. మనకీ అక్కడికీ నాలుగు గంటల తేడా, ఆవిడ కాఫీ వేళ. తను స్పీకర్ పెట్టాడు. "ఆ తోటలో కాయలు ఏం జేస్తారు నాయనా?" రెండ్రోజులుగా అదే ఆలోచిస్తున్నట్టుంది.

"వైన్ చేస్తారమ్మా. మందు."

"నువ్వు తాగావా?"

"లేదు. వాసన చూశాను."

"అమ్మాయో?"

తను నా వైపు చూశాడు. నేను తన వైపు చూశాను. "తాగాను అత్తయ్యా," అన్నాను. బండి కొండల మధ్యకి వెళ్ళింది, లైను కట్టయింది. ఈసారి నిజంగానే.

క్వార్న్ స్టేషన్లో దిగాక ఆవిడే మళ్ళీ చేసింది.

"ఎంత తాగావు?"

"నాలుగు గుక్కలు."

"ఎట్టుండాది?"

"పుల్లగా. నిమ్మకాయలాగా."

కాసేపు ఏం వినపడలేదు. "ఇరవై ఏళ్ళు ఆ మనిషితో కాపరం జేశా. అది ఎట్టుంటదో మాత్రం నాకు తెలీదు," అంది. తర్వాత, "వాడికి ఇయ్యబాకమ్మా."

"ఇవ్వదులేమ్మా," అన్నాడు తను, పక్కనుంచి. అప్పటికి ఇంజను విడదీశారు. తను ఫోన్ నా చేతిలో పెట్టి, అటు వెళ్ళి, మసి పట్టిన ఆ ఇనుము దగ్గర జేబుల్లో చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అత్తయ్య ఇంకా లైన్లోనే ఉంది. చారులోకి చింతపండు ఎక్కడ దొరికిందని అడుగుతోంది.