అద్దె భత్యపు లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మనవారనిరి. ఈ రెండును కాకమునుపే పరాయి యూర నుద్యోగము చేయవలసివచ్చిన ఆడుపిల్ల అద్దెగది వెదకుకొనుట యెంతటి పనియో ఆ సామెత పుట్టించినవారికి తెలియదు. నేడట్టి పిల్లలు ప్రతి మండలమునను గలరు. 2024 అక్టోబరులో డీఎస్సీ మూలముగ మన తెలంగాణమున సుమారు పదివేలమంది క్రొత్త ఉపాధ్యాయులకు నియామక పత్రములు లభించినవి. మా తిరుమలాయపాలెము మండలమునకు వచ్చినవారిలో ఒక అవివాహిత యువతి, మావారు బడిపంతులన్న చనువుచే, జీతపు చీటీ చేతబట్టుకొని మా యొద్దకు వచ్చినది. ఇంటి అద్దె భత్యము తనకెంత రావలెనో, ఆ సొమ్ముతో ఇచ్చట గది తీసికొనుట మేలో, ఖమ్మములో పినతల్లి యింటనుండి బస్సుపై వచ్చిపోవుట మేలో ఆమెకు తేలవలసియున్నది. అడిగినవారెల్ల తలకొక మాట చెప్పిరట.

ఆ మాటలను ప్రక్కకు బెట్టి కాగితము, కలము తీసికొంటిమి. పావులూరి మల్లన పదునొకండవ శతాబ్దిలోనే గణితమును తెనుగు పద్యములలోనికి దెచ్చెను. భాస్కరాచార్యుడు తన లెక్కల గ్రంథమునకు లీలావతి యని స్త్రీ పేరిడెను. ఐనను లెక్క యనగానే మగవారి కప్పగించి వంటయింటిలోనికి పోవుట మనకలవాటైనది.

భత్యమును మూలవేతనముపైననే కట్టుదురు. కరువు భత్యమును కలుపరు. 2020 వేతన సవరణలో సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుని మూలవేతనము 31,040 రూపాయలతో మొదలగును. 2021 జూనులో వెలువడిన ఉత్తర్వు ననుసరించి హైదరాబాదు మహానగరమున నూటికి 24, ఖమ్మము వంటి నగరములలో 17, చిన్న పట్టణములలో 13, పల్లెలలో 11 చొప్పున భత్యము. అంతకుముందు ఈ పాళ్లు 30, 20, 14½, 12గా నుండెడివి; జీతము పెరిగినదని పాళ్లు తగ్గించిరి. మా అమ్మాయికి నూటికి 11 చొప్పున 3,414 రూపాయలు వచ్చును. ఖమ్మమున కాపురమున్నచో 5,277 వచ్చునని యెవరో ఆశపెట్టిరి. అది వట్టిది. మనమెచ్చట నిదురింతుమన్నదానిని సర్కారు చూడదు. ఎచ్చటి హాజరుపట్టీలో మన పేరున్నదో దానినే చూచును. బడి పల్లెలోనిదైనచో, ఖమ్మమున నున్నను పల్లె భత్యమే.

ఇక పినతల్లిగారి వాదము బలమైనదే. 2023 డిసెంబరు 9 మొదలు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. అద్దె కట్టకున్నను భత్యము రాకమానదు. కాన భత్యమంతయు మిగులునని ఆమె తలంపు. కాని బడి బస్సు దిగుచోట లేదు. లోపలి పల్లెకు ఆటోకు రానుపోను 40 రూపాయలు. నెలకు 24 దినములకు 960. మిగులునది 2,454. ఇచ్చట గదికి 3,000, కరెంటుకు 300 పోగా మిగులునది 114. భేదము 2,340 రూపాయలు. రాకపోకలకు దినమునకు రెండున్నర గంటల చొప్పున నెలకు 60 గంటలు బస్సులో, బస్సు కొఱకు నిలుచుటలో పోవును. 2,340ని 60చే భాగించితిమి. గంటకు 39 రూపాయలు! ఆ అంకెను చూచి అమ్మాయి చాలసేపు మాటాడలేదు. మన యింట ఆడువారి కాలమునకెన్నడును వెల కట్టియుండలేదు గదా! కట్టినచో ఇంత చౌకగా నుండునని మేమును అనుకొనలేదు.

గది దొరకుట మరియొక కథ. మొదట చూచిన యింటివారు 3,000 అని, ఒంటరి పిల్ల యని తెలియగానే 4,000 అనిరి. ఆరు నెలల అడ్వాన్సును, ఎవరును చూడరాగూడదన్న షరతును చేర్చిరి. విరాటపర్వమున ద్రౌపది సైరంధ్రియై సుధేష్ణ యెదుట నిలిచినపుడు ఆ రాణికి మొదట కలిగినది దయ కాదు, శంక. ఐనను ద్రౌపది యెంగిలి ముట్టనని, పరుల పాదములు కడుగనని తన నియమములను ముందే చెప్పి మఱి లోపలికి పోయెను. ఆ కథ చెప్పగా అమ్మాయి నవ్వి, తన నియమములను తానును వ్రాసికొన్నది: రెండు నెలల అడ్వాన్సు, దానికి రసీదు, తండ్రియు అన్నయు వచ్చిపోవు స్వేచ్ఛ, పదునొకండు నెలల కరారునామా. ఏడాది మించిన కౌలు పత్రమును రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి చట్టము; అందుచేతనే యందఱును పదునొకండు నెలలకు వ్రాసికొందురు. తుదకొక వితంతువుగారి యింట 3,000కే గది కుదిరినది.

అద్దె రసీదులు పెట్టినచో పన్ను తగ్గునని తోటి ఉపాధ్యాయిని యొకతె చెప్పినది. ఆ మినహాయింపు పాత పన్ను పద్ధతిని ఎన్నుకొన్నవారికే. వచ్చిన భత్యము, జీతములో పదియవ వంతు తీసివేయగా మిగిలిన అద్దె, నగరమునుబట్టి జీతములో నూటికి 40 లేక 50 వంతు, ఈ మూడింటిలో ఏది తక్కువయో అంతకే మినహాయింపు. మా అమ్మాయి యేడాది అద్దె 36,000. ఏడాది మూలవేతనములో పదియవ వంతే 37,248. తీసివేసినచో మిగులునది సున్న! క్రొత్త పద్ధతిలో 2025-26 నుండి పండ్రెండు లక్షల ఆదాయము వరకు పన్నే లేదు గనుక ఆమెకు చింతయు లేదు. హైదరాబాదులో పెద్ద జీతము, పెద్ద అద్దె గల సోదరీమణులు మాత్రము రెండు పద్ధతులను వేసి చూచుకొనుట మంచిది.

ఉద్యోగము లేనివారికి సైతము అద్దె సాయము చేయు దేశములున్నవి. ఇంగ్లండులో 1982 చట్టముతో అద్దె సాయము ఏర్పడినది. అచ్చటను ఒంటరి యువజనులపై చిన్నచూపు కలదు: ప్రైవేటు ఇండ్లలో అద్దెకుండు ఒంటరివారికి, పదిమందితో పంచుకొను ఇంటిలో ఒక గదికెంతయో అంతే లెక్కింతురు. మొదట ఇది ఇరువదియైదేండ్లలోపు వారికే. 2012 జనవరినుండి ముప్పదియైదేండ్లలోపు వారికి వర్తింపజేసిరి. విద్యార్థి వీసాపై పోయిన మన తెలుగు పిల్లలకు ఆ మాత్రమును లేదు. ప్రజాధనముపై వారికి హక్కు లేదని వీసా షరతులలోనే యుండును.

మన వద్ద ఇందిరమ్మ ఇండ్ల పథకమును 2024 మార్చి 11న భద్రాచలములో ఆరంభించిరి. స్వంత స్థలము గల పేదలకు ఇల్లు కట్టుకొనుటకు ఐదు లక్షలు, అదియు ఇంటి యాడుదాని పేర. ఇది మెచ్చదగినదే. కాని స్థలము లేని, పెండ్లి కాని, అద్దెకున్న పిల్ల ఆ వరుసలో నెచ్చట నిలువవలెను? సర్కారు కొలువు గలది గనుక మా అమ్మాయికి 3,414 వచ్చినవి. ఆమె చెలికత్తె యొకతె, అదే చదువు చదివి, అదే పరీక్షలో కొలది మార్కులకు తప్పిపోయి, ఖమ్మమున ప్రైవేటు బడిలో తొమ్మిదివేల జీతమునకు పనిచేయుచున్నది. ఆమె జీతములో అద్దె భత్యమను మాటయే లేదు. ఆమెతో కలిసి ఒక గదిలో ముగ్గురున్నారు. నాలుగవ యామె కొఱకు వెదకుచున్నారట.