డ్రమ్ము విప్పి చూశావా?

మా సివిక్ 1998 మోడల్. 2012లో, ఎమ్మెస్ చివరి సెమిస్టర్‌లో ఉండగా, ఇండియాకి తిరిగి వెళ్ళిపోతున్న ఒక సీనియర్ దగ్గర 2,600 డాలర్లకి కొన్నాను. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పాప పుట్టింది, ఇంట్లోకి పెద్ద కారు కూడా వచ్చింది. సివిక్ మాత్రం పోలేదు. ఈ దేశంలో నేను డ్రైవింగ్ నేర్చుకున్న కారు అది. ఇప్పటికీ కొలంబస్‌లో పాప స్కూలుకీ, అటునుంచి ఆఫీసుకీ దాంట్లోనే తిరుగుతుంటాను.

మొన్న అక్టోబర్‌లో ఒకరోజు పొద్దున్నే వర్షం. స్కూలు ముందు రోడ్డు దాటించే పెద్దావిడ ఎర్ర బోర్డు ఎత్తింది. బ్రేకు తొక్కాను. కారు ఆగింది కానీ వెనకభాగం ఒక పక్కకి జారి, ముందు చక్రాలు తెల్లగీత దాటాక ఆగింది. ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఇద్దరు పిల్లలున్నారు. వెనక సీట్లోంచి మా పాప, "నాన్నా, ఎందుకలా ఆపావ్?" అంది. నేను సమాధానం చెప్పలేదు. ఆఫీసుకి వెళ్ళాక కూడా ఓ గంటసేపు కీబోర్డు మీద వేళ్ళు సరిగ్గా ఆడలేదు.

ఆ రాత్రే తీర్పు చెప్పేశాను. దోషం వెనక డ్రమ్ము బ్రేకులది. వాటిని తీసేసి డిస్కులు పెట్టాలి.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం ఫోన్‌లో సంగతి చెప్పాను. అంతా విని ఒకటే అడిగారు. "డ్రమ్ము విప్పి చూశావా?"

"విప్పేదేముంది నాన్నా, పాతకాలం టెక్నాలజీ. మొత్తం మార్చేస్తున్నా."

"నేను ఇరవై ఎనిమిదేళ్ళు జనాన్ని ఎక్కించుకుని తిప్పింది డ్రమ్ముల మీదేరా," అన్నారు. ఇంకేం అనలేదు.

నేను చదివింది మెకానికల్. డ్రమ్ము బ్రేకు బొమ్మ పెన్సిల్‌తో గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. గుండ్రటి ఇనప డ్రమ్ము, లోపల నెలవంకల్లా రెండు షూలు, పైన వాటిని రెండు పక్కలకీ తోసే చిన్న వీల్ సిలిండర్. ఇందులో ఒక చమత్కారం ఉంది. ముందువైపు షూ డ్రమ్ముకి తగలగానే, తిరుగుతున్న డ్రమ్మే దాన్ని తనతో లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంటుంది. అంటే మనం కొంచెం తొక్కితే అది ఇంకొంచెం తనంతట తానే పట్టుకుంటుంది. డిస్కుకి ఆ సాయం లేదు. రెండు ప్యాడ్ల మధ్య రోటర్‌ని ఎంత నొక్కితే అంతే. కాబట్టి డిస్కుకి ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కావాలి.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. గట్టిగా బ్రేకు వేస్తే బండి బరువు ముందుకి ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు ముందు చక్రాల కంటే ముందే వెనకవి బిగుసుకుపోతే బండి బొంగరంలా తిరుగుతుంది. అందుకే వెనక్కి వెళ్ళే ప్రెషర్‌ని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ ఒకటి పెడతారు. డ్రమ్ముల కోసం లెక్కకట్టిన వాల్వ్‌ని అలాగే ఉంచి డిస్కులు బిగిస్తే వెనక బ్రేకులు ఉన్నా అంతంత మాత్రంగానే పనిచేస్తాయి. ఇంకోపక్క, కాలిపర్ పిస్టన్ పెద్దది కాబట్టి ఆయిల్ ఎక్కువ పడుతుంది, పెడల్ లోపలికి దిగుతుంది. అంటే మార్చాల్సింది చక్రం దగ్గర ఒక్కటే కాదు, వాల్వ్, మాస్టర్ సిలిండర్ కూడా.

అదృష్టం ఏమిటంటే మా సివిక్‌కి దగ్గర చుట్టం ఒకటుంది. 1994 నుంచి 2001 వరకు వచ్చిన అక్యురా ఇంటెగ్రా. దానికి నాలుగు చక్రాలకీ డిస్కులే. వెనక చక్రాన్ని మోసే ట్రెయిలింగ్ ఆర్మ్ దానిది దీనికి సరిగ్గా సరిపోతుంది. జంక్ యార్డుకి మన పనిముట్లు మనమే పట్టుకెళ్ళి, ఒక ఇంటెగ్రా కింద దూరి, రెండు ఆర్మ్‌లు కాలిపర్లతో సహా, హ్యాండ్ బ్రేకు కేబుళ్ళు, బూస్టర్, మాస్టర్ సిలిండర్, వాల్వ్ ఊడదీసుకుని వచ్చాను. కొత్త రోటర్లు, ప్యాడ్లు, రబ్బరు గొట్టాలు వేరే కొన్నాను. అన్నీ కలిపి 430 డాలర్లు.

"రెండ్రోజుల పని," అన్నాను మా ఆవిడతో. మూడు వారాంతాలు పట్టింది. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు పాతికేళ్ళు తాగిన బోల్టులు రబ్బరు బుష్షుల లోపల గొట్టంతో కలిసి ఒకటే ముక్కైపోయాయి. నూనె పోశాను, సెగ పెట్టాను, చివరికి రెండింటిని రంపంతో కోయాల్సి వచ్చింది. కాలిపర్ పిస్టన్ ఇంకో రోజు తినేసింది. ముందు చక్రాల వాటిలా దీన్ని క్లాంపుతో నొక్కితే లోపలికి పోదు. హ్యాండ్ బ్రేకు మెకానిజం కూడా దానిలోనే ఉంటుంది కాబట్టి స్క్రూ తిప్పినట్టు తిప్పాలి. ఇది తెలిసేసరికి సాయంత్రమైంది.

చివరి పని ఎయిర్ తీయడం. ఇది ఒక్కడి వల్ల కాదు. మొదటినుంచీ "బ్రేకులతో ఆటలేంటి" అని పోరుతున్న మా ఆవిడే డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. నేను చక్రం దగ్గర పడుకుని "నొక్కు" అనేవాణ్ణి. నట్టు వదులు చేయగానే సన్నటి గొట్టంలోంచి ఆయిల్ బుడగలతో సహా సీసాలోకి వచ్చేది. నట్టు బిగించేదాకా కాలు తీయకూడదు, తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. "పట్టుకో, పట్టుకో... వదులు." పాప సీసా పక్కన గొంతుక్కూర్చుని బుడగలు లెక్కపెట్టింది. "ఇక రావట్లేదు నాన్నా" అన్నాక పెడల్ నిలబడింది.

మా వీధి చివర గరాజ్‌లో డబ్బులిచ్చి పనంతా ఒకసారి చెక్ చేయించాను. తర్వాత ఖాళీ పార్కింగ్ స్థలంలో వేగం పెంచి గట్టిగా తొక్కాను. ముక్కుసూటిగా ఆగింది. మళ్ళీ మళ్ళీ తొక్కాను, ప్రతిసారీ అంతే. సంబరంగా నాన్నకి వీడియో కాల్ చేశాను.

ఆయన డిస్కులు చూశారు, బాగుందన్నారు. తర్వాత, "ఆ పాతవి ఎక్కడున్నాయ్?" అన్నారు. ఆర్మ్‌తో సహా మొత్తం ఊడదీశాను కాబట్టి డ్రమ్ములు విప్పే అవసరమే రాలేదు. గరాజ్ మూల పడున్నాయి. "ఎడమ పక్కది విప్పి చూపించు."

సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే డ్రమ్ము ఊడింది. లోపలంతా తడి. వీల్ సిలిండర్ రబ్బరు పోయి ఆయిల్ కారుతోంది. షూ లైనింగ్ ఆయిల్లో నానిపోయి నల్లగా మెరుస్తోంది. షూలు అరిగేకొద్దీ వాటంతటవే ఎడం సరిచేసే పళ్ళచక్రం తుప్పుపట్టి కదలడం మానేసింది. కుడిపక్కది కూడా విప్పాను. పొడిగా, శుభ్రంగా ఉంది. ఒకపక్క బ్రేకు పట్టుకుని ఇంకోపక్క పట్టకపోతే తడిరోడ్డు మీద బండి జారక ఏం చేస్తుంది?

"ఆయిల్ తగ్గుతూ ఉండాలే," అన్నారు నాన్న.

తగ్గింది. ఆ ఏడాది రెండుసార్లు బానెట్ ఎత్తి, డబ్బాలో ఆయిల్ తక్కువుందని పోసుకుని మూత పెట్టేశాను. ఎక్కడికి పోతోందని ఒక్కసారీ అనుకోలేదు. ఆఫీసులో కుర్రాళ్ళు పాత కోడ్ చదవకుండానే తిరగరాద్దామంటే, ముందు లాగ్ చూడండి అని రోజూ చెప్పేది నేనే.

కొత్త సిలిండర్లు, షూలు వేసుంటే 60 డాలర్లతో పోయేది. డిస్కులు పెట్టడం వృథా అనను. పదేపదే తొక్కినా వేడికి తేలిపోవు, తడిస్తే తొందరగా ఆరతాయి, ప్యాడ్ ఎంత ఉందో చక్రం తీస్తే కనిపిస్తుంది. కానీ బ్రేకింగ్‌లో ఎక్కువ పని ముందు చక్రాలదే, చివరికి రోడ్డుని పట్టుకునేది టైరు. బండి ఆగే దూరం నాకు తెలిసేంతగా ఏమీ తగ్గలేదు. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ 4 లాంటి కొత్త ఎలక్ట్రిక్ కారుకి కూడా వెనక డ్రమ్ములే పెట్టారు. తప్పు డ్రమ్ములది కాదు. ఆరోజు ఆ పిల్లల ముందుకి కారుని తీసుకెళ్ళింది నేను.

నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోన్ పెట్టేసే ముందు, "సరేగానీ, ముందు చక్రాలు ఎప్పుడు విప్పి చూశావురా?" అన్నారు.

ఎప్పుడో గుర్తులేదు. ఆ సాయంత్రమే జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి విప్పాను. కుడిపక్క లోపలి ప్యాడ్ రేకుకి దగ్గరగా వచ్చేసింది.